మీకు తెలుసా? మాచు పిచ్చు కన్నా కుస్కోయే ఎత్తు!

పెరూ వెళ్లేవాళ్లలో చాలామంది భయం మాచు పిచ్చు కొండ గురించే. నిజానికి ఆ ఇంకా నగరం సముద్రమట్టానికి సుమారు 2,430 మీటర్ల ఎత్తునే ఉంది. ముందుగా విమానం దిగే కుస్కో మాత్రం దాదాపు 3,400 మీటర్లు! తీరంలోని లీమా నుంచి గంటన్నరలోపే అంత ఎత్తుకు చేరితే ఒంటికి అలవాటుపడే వ్యవధే ఉండదు. తలనొప్పి, వికారం మొదలవుతాయి, రాత్రి నిద్ర పట్టదు. అందుకే దిగిన రోజే 2,800 మీటర్ల దగ్గరున్న ఒల్లాంటాయ్‌టాంబోకు వెళ్లిపోవడం మేలు. మాచు పిచ్చు రైలూ అక్కడ ఎక్కవచ్చు. అందమైన కుస్కోను తిరుగు ప్రయాణంలో తీరిగ్గా చూడండి. విమానంలో నేరుగా లేహ్ వెళ్లే మనవాళ్లకూ ఈ జాగ్రత్త తప్పదు, అదీ సుమారు 3,500 మీటర్లే. అక్కడ మొదటి రెండు రోజులు విశ్రాంతిగా గడపండి. తలనొప్పి తగ్గందే ఇంకా పైకి వెళ్లవద్దు. నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా వెంటనే కిందికి దిగి వైద్యుడికి చూపించుకోవాలి.