మొదటి మౌంటెన్ బైక్ పోటీకి సన్నాహము (దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతములు)

మౌంటెన్ బైక్ పోటీ అనగా తారు రోడ్డు మీద గాక కొండదారులు, మట్టిబాటలు, రాతినేలల మీద వెడల్పాటి టైర్లు గల సైకిళ్ళతో జరుపు పందెము. ఇందు క్రాస్ కంట్రీ, డౌన్‌హిల్, మారథాన్ మొదలగు విభాగములు కలవు. క్రొత్తవారికి అనువైనది క్రాస్ కంట్రీ. హైదరాబాదు నగరపు తూర్పు భాగమున గల దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ (లాల్ బహదూర్ నగర్) ప్రాంతముల నుండి ఇట్టి పోటీలో తొలిసారి పాల్గొనదలచిన ఔత్సాహికులు చేసికొనవలసిన సన్నాహమును ఈ వ్యాసము వివరించును. మొదటి పోటీలో లక్ష్యము గెలుపు కాదు. గాయపడకుండ, సైకిలు చెడకుండ చివరి గీత దాటుట. ఇందుకు ఖరీదైన సైకిలు కంటె క్రమబద్ధమైన అభ్యాసము, నేల స్వభావముపై అవగాహన ఎక్కువగా ఉపకరించును.

చరిత్ర

ఈ క్రీడ 1970వ దశకములో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, మారిన్ కౌంటీలో రూపు దిద్దుకొన్నది. అక్కడి యువకులు పాత సైకిళ్ళకు లావు టైర్లు తగిలించి కొండదారులలో దిగెడివారు. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ పట్టణము వద్ద 'రీప్యాక్' అను తొలి పందెము జరిగినది. ఆ సైకిళ్ళకు పెడళ్ళను వెనుకకు తొక్కినపుడు పడు బ్రేకులు ఉండెడివి. దిగు వేగమునకు అవి వేడెక్కి లోపలి గ్రీజు కాలిపోయెడిది. మరల గ్రీజు నింపవలసి వచ్చుటచే ఆ దారికి ఆ పేరు కలిగినది. తొలి పందెమున అలన్ బాండ్స్ గెలిచెను. క్రింద పడకుండ దిగినవాడు అతడొక్కడే. 1990లో అమెరికాలోని డురాంగోలో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్పును నిర్వహించినది. 1996 అట్లాంటా ఒలింపిక్సులో క్రాస్ కంట్రీ తొలిసారి చేరినది. పురుషులలో నెదర్లాండ్సుకు చెందిన బార్ట్ బ్రెంట్‌యెన్స్, స్త్రీలలో ఇటలీకి చెందిన పావోలా పెజ్జో స్వర్ణ పతకములు పొందిరి. భారతదేశమున ఈ క్రీడ సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా పరిధిలోనిది.

స్థానిక పరిస్థితులు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, విద్యార్థుల హాస్టళ్ళకు పేరుపొందినది. ఎల్బీనగర్ విజయవాడ వైపు పోవు 65వ నెంబరు జాతీయ రహదారి (పూర్వపు 9వ నెంబరు), నాగార్జునసాగర్ రోడ్డు, ఇన్నర్ రింగ్ రోడ్డు కలియు కూడలి. మియాపూర్ నుండి వచ్చు మెట్రో మార్గము ఇచ్చటనే ముగియును. అమీర్‌పేట - ఎల్బీనగర్ భాగము 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైనది.

నగరములో సైకిలు కొరకే నిర్మించిన 23 కి.మీ. సౌర పైకప్పు మార్గము 2023 అక్టోబరు 1న ప్రారంభమైనది గాని అది పశ్చిమమున నానక్‌రామ్‌గూడ, నార్సింగి, కొల్లూరు వైపున ఉన్నది. 158 కి.మీ. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గముపై ద్విచక్ర వాహనములకు ప్రవేశము లేదు. ప్రక్కనున్న సర్వీసు రోడ్లను మాత్రమే వాడుకొనవలెను. కావున తూర్పు భాగమువారికి పెద్ద సమస్య కొండ ఎక్కుట కాదు, ఆ కొండ వరకు క్షేమముగా చేరుట.

తెల్లవారుజామున రహదారి ఖాళీగా ఉండునని పలువురు భావింతురు. కాని విజయవాడ వైపు నుండి రాత్రంతా ప్రయాణించిన బస్సులు ఆ వేళనే వరుసగా నగరములో ప్రవేశించును. డిసెంబరు, జనవరి మాసములలో 6.30 దాటిన పిమ్మటనే సూర్యోదయమగును. అందుచే ముందు తెల్లని దీపము, వెనుక ఎర్రని దీపము, మెరిసే పట్టీలు గల చొక్కా తప్పనిసరి. ఒంటరిగా గాక ఇద్దరు ముగ్గురు కలిసి, కాలనీల లోపలి రోడ్ల గుండా వెళ్ళుట మేలు. వీలైనచో సైకిలును వాహనములో వేసికొని మట్టిబాట మొదలగు చోటికి చేరవచ్చును.

హయత్‌నగర్, పెద్ద అంబర్‌పేట దాటిన తరువాత, అట్లే సాగర్ రోడ్డులో తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నం వైపున, గుట్టలు, చెలకలు, బండిబాటలు ఇంకను కనిపించును. పట్టా భూములలోను, ప్లాట్ల వెంచర్లలోను యజమానుల అనుమతితోనే తొక్కవలెను. వనస్థలిపురం వద్ద గల మహావీర్ హరిణ వనస్థలి కృష్ణజింకలకు నిలయమైన జాతీయ ఉద్యానవనము. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనికి వర్తించును గనుక దానిని శిక్షణా స్థలముగా భావించరాదు.

సైకిలు

బజారులో 'గేరు సైకిలు' పేరుతో అమ్ముడగు వాటిలో చాలభాగము చూచుటకు మౌంటెన్ బైకు వలె ఉన్నను బరువైనవి. వాటి ముందు స్ప్రింగులు పెద్ద దెబ్బలను ఓర్వలేవు. అట్టి సైకిలుతో కూడ తేలికపాటి మార్గము గల తొలి పోటీ పూర్తి చేయవచ్చును గాని ఈ క్రింది విషయములు సరిచూడవలెను.

* ఎత్తు: సీటుపై కూర్చుండి పెడలు అడుగున ఉన్నపుడు మోకాలు కొద్దిగా వంగి ఉండవలెను. నిటారు దిగుడులో సీటును కొంత దించుట మంచిది.
* బ్రేకులు: ఒకటి రెండు వ్రేళ్ళతో నొక్కిన చక్రము ఆగవలెను. అరిగిన బ్రేకు రబ్బర్లను మార్చవలెను.
* గాలి: తారు రోడ్డు కంటె మట్టిబాటకు గాలి కొంత తగ్గించవలెను. ట్యూబు గల టైర్లకు తొక్కువాని బరువును బట్టి సుమారు 30 నుండి 40 పి.ఎస్.ఐ. సరిపోవును. మరీ తగ్గించినచో రాతి అంచుకు ట్యూబు నొక్కుకొని తెగును.
* ముళ్ళు: ఈ ప్రాంతపు బాటలలో పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్ళు మెండు. అదనపు ట్యూబు, పంపు, టైరు విప్పు పలకలు వెంట ఉండవలెను. పంక్చరు స్వయముగా పది నిమిషములలో సరిచేయుట ఇంటివద్దనే అభ్యసించవలెను.

శిక్షణ

ఇదివరకే సైకిలు తొక్కుచున్న ఆరోగ్యవంతునికి సుమారు 10 వారముల వ్యవధి చాలును. నలుబది ఏండ్లు దాటినవారు, రక్తపోటు, మధుమేహము గలవారు ముందుగా వైద్యుని సంప్రదించవలెను.

* 1 - 3 వారములు: వారమునకు 3 రోజులు, 45 నుండి 60 నిమిషములు, మాటలాడుచు తొక్కగల వేగములో.
* 4 - 7 వారములు: ఒకరోజు 2 గంటలు మట్టిబాటలో, మరియొక రోజు 2 - 3 నిమిషముల ఎక్కుడును 5 లేక 6 పర్యాయములు. ఫ్లై ఓవర్లను ఇందుకు వాడరాదు.
* 8 - 9 వారములు: పోటీ దూరమును పోటీ వేగమునకు దగ్గరగా ఒకసారి పూర్తిచేయుట.
* 10వ వారము: శ్రమను సగమునకు తగ్గించి విశ్రాంతి.

బలముతో పాటు నైపుణ్యమును సాధించవలెను. ఇచ్చటి గ్రానైటు బండ పొడిగా ఉన్నపుడు టైరుకు మంచి పట్టునిచ్చును. దానిపై మొరం, సన్నకంకర పరచుకొన్నచో గోళీలపై నడచినట్లు జారును. అట్టిచోట మలుపునకు ముందే వేగము తగ్గించి, మలుపులో బ్రేకు నొక్కక సాగవలెను. దిగునపుడు రెండు పెడళ్ళు సమాంతరముగా నిలిపి, సీటు నుండి లేచి, శరీరమును వెనుకకు జరిపి, చూపును చక్రము మీద గాక దారి ముందుకు నిలుపవలెను. వర్షాకాలమున బంకమట్టి చక్రములకు, గేర్లకు అంటుకొనును గనుక వాన వెలిసిన వెంటనే బాటపై తొక్కుట దారికిని సైకిలుకును చేటు.

ఆహారము, నీరు

పోటీకి 2 - 3 గంటల ముందు ఇడ్లీ, ఉప్మా వంటి అలవాటైన పలహారము తీసికొనవలెను. గంటకు పైబడిన పోటీలో అరటిపండు, ఖర్జూరము, పల్లీపట్టి వంటివి కొద్దికొద్దిగా తినవచ్చును. నీరు దాహము వేయకముందే గుక్కలుగా త్రాగవలెను. ఉప్పు, చక్కెర, నిమ్మరసము కలిపిన నీరు చెమటతో పోయిన లవణములను పూరించును. పోటీనాడు క్రొత్త పదార్థమేదియు ప్రయత్నించరాదు. తలతిరుగుట, వణుకు, చెమట ఆగిపోవుట వడదెబ్బ లక్షణములు. వెంటనే ఆగి నీడకు చేరి సహాయము కోరవలెను.

పోటీ రోజు

హెల్మెట్టు లేనివారిని పోటీలకు అనుమతించరు. ముందుగా చేరి మార్గమును ఒకమారు నెమ్మదిగా చుట్టి, ప్రమాదకరమైన స్థలములను గుర్తుంచుకొనవలెను. తొలిసారి పాల్గొనువారు వరుసలో వెనుక భాగమున నిలుచుట శ్రేయస్కరము. ప్రారంభమున గుంపుతో పాటు పరుగులెత్తినవారు మొదటి ఎక్కుడులోనే అలసిపోవుదురు. ఒక్క సైకిలు మాత్రమే పట్టు ఇరుకుబాటలో వెనుకవాడు కేక వేసి తెలిపినచో వీలైన చోట ప్రక్కకు తొలగి దారి ఈయవలెను. తొక్కలేని చోట దిగి సైకిలును నడిపించుకొని పోవుట నియమ విరుద్ధము కాదు, అవమానము అంతకన్న కాదు. ఎవరైన పడి గాయపడినచో ఆగి, నిర్వాహకులకు తెలియజేయుట ప్రతి పోటీదారుని ధర్మము.

పోటీ ముగిసిన పిదప సైకిలును కడిగి, చైనుకు నూనె వేసి, ఎచ్చట ఇబ్బంది కలిగినదో వ్రాసికొనినచో తరువాతి పోటీకి అదియే పాఠ్యప్రణాళిక యగును.