బొగ్గు పట్నం ఎందుకు చిన్నదయింది?

పట్నం అంటే ఏటేటా పెరిగేదే అనుకుంటాం. కాని అన్ని పట్నాలూ పెరగవు. మన మంచిర్యాల జిల్లానే చూడండి. 2001 జనాభా లెక్కల్లో బెల్లంపల్లిలో సుమారు 66 వేల మంది ఉన్నారు. 2011 నాటికి 56 వేలకు దిగింది. అదే రైలు మార్గం మీదున్న మంచిర్యాల మాత్రం 70 వేల నుండి 87 వేలకు పెరిగింది.

కారణమేమి? బెల్లంపల్లి బొగ్గు బాయిలతో పెరిగిన ఊరు. పూర్వం భూమి లోపలికి దిగి తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తేవారు. ఒక్కో బాయికి వందల మంది కావాలె. తర్వాత పాత బాయిలు మూతపడ్డాయి. ఓపెన్ కాస్టు గనుల్లో పెద్ద పెద్ద యంత్రాలు దిగాయి. 1991 ప్రాంతంలో సింగరేణిలో కార్మికులు లక్షకు పైనే. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. బొగ్గు మాత్రం అప్పటికన్నా మూడింతలకు పైగా తీస్తున్నారు!

పని పోతే కార్మికుడు ఊరు విడుస్తాడు. ఆయన కొనే కిరాణా కొట్టు, ఆయన చాయ్ తాగే హోటలు కూడా ఎత్తేస్తారు. జనాభా తగ్గిందంటే జనం చనిపోయారని కాదు, చాలామంది తరలిపోయారని.

మంచిర్యాలకు పెద్ద బజారుంది, ఆస్పత్రులు, కాలేజీలు ఉన్నాయి. 2016లో జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసులూ వచ్చాయి. ఒక పని తగ్గినా ఇంకో పని దొరుకుతుంది. ఒక్క పనినే నమ్ముకున్న ఊరికి ఆ ఆసరా లేదు.

"బాయిల నౌకరి దొరుకుతది, చదువెందుకు?" అనుకునేవాళ్ళు పై అంకెలు ఇంకోసారి చదవండి.