సున్న చెప్పని సంగతి

52 నుండి 27 తీసివేయుమనగా నొక బాలుడు 35 అని వ్రాసెననుకొందము. ఉపాధ్యాయుడు సున్న చుట్టును. ప్రగతిపత్రము ఇంటికి చేరును. పిల్లవాడు మందమతియని తండ్రి నిశ్చయించుకొనును. కాని బాలుడు ప్రతి స్థానమునను పెద్ద యంకెనుండి చిన్నదానిని సరిగనే తీసివేసినాడు. పదుల స్థానమునుండి అప్పు తెచ్చుకొనుట యొక్కటియే యతనికి తెలియదు. ఈ సంగతి ఆ సున్న చెప్పునా?

2024 నాటి 'అసర్' సర్వేలో గ్రామసీమల అయిదవ తరగతి పిల్లలలో నూటికి సుమారు 31 మందికే మూడంకెల సంఖ్యను ఒక యంకెచే భాగించుట వచ్చెను. ఆ సర్వేవారు మార్కులు వేయరు. బిడ్డను ఎదుట కూర్చుండబెట్టుకొని, అంకెలు గుర్తించునా, తీసివేత చేయునా, భాగహారము చేయునా యని చూతురు. చదువురాని తల్లికిని బోధపడు మాట యది.

మూడవ తరగతి ముగియుసరికి ప్రతి బిడ్డకును లెక్కల పునాది పడవలెనని 2021లో ఆరంభమైన 'నిపుణ్ భారత్' పెట్టుకొనిన గడువు 2026-27. వట్టి మార్కుల పట్టికతో ఆ గమ్యము చేరజాలము.

మేమడుగునది స్వల్పము. బిడ్డకేమి వచ్చినది, ఎక్కడ తడబడుచున్నది - ఈ రెండు మాటలు మార్కుల ప్రక్కను తేట తెలుగున వ్రాయుడు. అందులకు ఖర్చు లేదు. ఓర్పు మాత్రము కావలెను.