విద్యుత్ కారు ఛార్జింగు కేబులు రీకాల్

విద్యుత్ కారు ఛార్జింగు కేబులు రీకాల్ అనగా, కారుతో పాటు కొనుగోలుదారునికి ఇచ్చిన ఛార్జింగు కేబులులో గాని, దాని చివర తగిలించే అడాప్టరులో గాని భద్రతకు భంగం కలిగించే లోపం ఉన్నట్లు తేలినప్పుడు, తయారీదారు ఆ పరికరాన్ని ఉపసంహరించి దాని స్థానంలో మెరుగుపరచిన పరికరాన్ని ఉచితంగా ఇచ్చే ప్రక్రియ. సాధారణంగా రీకాల్ అనగానే కారును సర్వీసు సెంటరుకు తీసుకొని వెళ్ళి అందులోని భాగాన్ని మార్పించుకొనుట గుర్తుకు వస్తుంది. కేబులు విషయంలో అలా కాదు. లోపం కారులో ఉండదు. ఇంటి గోడకు, కారుకు మధ్య ఉంటుంది. అందువలన ఈ రీకాల్ లలో తప్పు కేబులుదా, ఇంటి వైరింగుదా అనే ప్రశ్న తరచుగా తలెత్తినది. కారు ఛార్జింగు ఎక్కువగా రాత్రివేళ, ఇంటివారు నిద్రించే సమయంలో జరుగుతుంది కనుక ఈ లోపాన్ని చిన్నదిగా భావించరాదు.

కేబులు నిర్మాణం

కారుతో పాటు ఇచ్చే పోర్టబుల్ కేబులులో ప్రధానంగా మూడు భాగాలు ఉంటాయి.

1. గోడ సాకెట్టులో పెట్టే ప్లగ్గు. కొన్ని కంపెనీల కేబుళ్ళలో ఈ ప్లగ్గు విడిగా వచ్చే అడాప్టరుగా ఉంటుంది. సాకెట్టు రకాన్ని బట్టి దీనిని మార్చుకోవచ్చును.
2. నియంత్రణ పెట్టె. కారు ఎంత విద్యుత్తు తీసుకోవచ్చునో ఇది కారుకు సంకేతం ద్వారా తెలుపుతుంది. ఎర్తింగు లేకపోయినా, విద్యుత్తు లీకైనా సరఫరాను నిలిపివేస్తుంది.
3. కారులో పెట్టే కనెక్టరు. అమెరికాలో చాలా కంపెనీల కార్లు జె1772 అనే ప్రమాణానికి చెందిన కనెక్టరును వాడాయి.

బ్యాటరీని ఛార్జి చేసే అసలు ఛార్జరు కారు లోపలే ఉంటుంది. కేబులు చేసే పని ఏకాంతర విద్యుత్తును (ఏ.సి.) భద్రంగా కారు వరకు చేర్చుట మాత్రమే. వాడుకలో ఈ కేబులునే ఛార్జరు అని కూడా పిలుస్తుంటారు.

వేడెక్కుటకు కారణం

ఒక వాహకంలో పుట్టే ఉష్ణం విద్యుత్ ప్రవాహపు వర్గానికి, నిరోధానికి అనులోమానుపాతంలో ఉంటుందని పాఠశాల భౌతికశాస్త్రంలో చదువుకొనే జౌల్ నియమం చెబుతుంది. ప్లగ్గు పిన్నులు సాకెట్టులో బిగుతుగా కూర్చొన్నప్పుడు అక్కడి నిరోధం చాలా స్వల్పం. సాకెట్టు పాతబడి దాని స్ప్రింగు వదులైనా, లోహం మీద చిలుము పట్టినా, వెనుక వైరు స్క్రూ సరిగా బిగించకపోయినా నిరోధం పెరుగుతుంది.

ఉదాహరణకు ఆ అతుకు వద్ద నిరోధం 0.1 ఓమ్ అనుకొందాము. 12 ఆంపియర్ల ప్రవాహానికి అక్కడ పుట్టే ఉష్ణం 12 × 12 × 0.1 = 14.4 వాట్లు. అదే అతుకు గుండా 40 ఆంపియర్లు ప్రవహిస్తే 40 × 40 × 0.1 = 160 వాట్లు. 100 వాట్ల పాతకాలపు బల్బు ఇచ్చే వేడి కంటె ఎక్కువ వేడి బొటనవ్రేలంత చోటులో పుడుతుందన్నమాట. ఆ వేడికి స్ప్రింగు మరింత వదులవుతుంది, లోహం మరింత ఆక్సీకరణం చెందుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. ఇలా ఒకదానికొకటి తోడై చివరకు ప్లాస్టిక్కు కరగవచ్చును, నిప్పు కూడా అంటుకోవచ్చును.

ఇస్త్రీ పెట్టె, మిక్సీ వంటివి కొద్ది నిమిషాలు పనిచేసి ఆగిపోతాయి. కారు ఛార్జింగు అయితే ఎనిమిది, పది గంటల పాటు ఏకధాటిగా సాగుతుంది. ఇలాంటి నిరంతర భారానికి అమెరికాలోని వైరింగు నియమావళి ప్రకారం సర్క్యూటు సామర్థ్యంలో 80 శాతమే వాడాలి. 15 ఆంపియర్ల సర్క్యూటుపై 12 ఆంపియర్లు, 50 ఆంపియర్ల సర్క్యూటుపై 40 ఆంపియర్లు అన్నమాట.

ఇంట్లో ఫ్యూజు, ఎం.సి.బి. ఉన్నవి కదా, అవి కాపాడవా అనే సందేహం సహజం. ఈ సందర్భంలో అవి కాపాడలేవు. ఎం.సి.బి. గమనించేది ప్రవాహాన్ని. వదులైన అతుకు గుండా పోయే ప్రవాహం పరిమితిలోనే ఉంటుంది. పెరిగేది ఉష్ణోగ్రత మాత్రమే. లీకేజిని గుర్తించే ఆర్.సి.సి.బి.కి కూడా ఇది కనబడదు. అందుచేత వేడిని గుర్తించే సాధనం ప్లగ్గులోనే ఉండవలసిన అవసరం ఏర్పడినది. ఇది రెండు విధాలుగా ఉంటుంది. థర్మల్ ఫ్యూజు నిర్ణీత ఉష్ణోగ్రత దాటగానే సర్క్యూటును శాశ్వతంగా తెంచివేస్తుంది. థర్మిస్టరు ఉష్ణోగ్రతను బట్టి తన నిరోధాన్ని మార్చుకుంటుంది. దానిని గమనించి నియంత్రణ పెట్టె సరఫరాను ఆపగలదు.

ముఖ్యమైన ఉదంతాలు

షెవర్లే వోల్ట్ (2012): జనరల్ మోటార్స్ సంస్థ 2012 మార్చిలో, అప్పటివరకు అమ్మిన సుమారు 9,500 వోల్ట్ కార్ల యజమానులకు 120 వోల్టుల కేబుళ్ళను ఉచితంగా మార్చి ఇస్తామని ప్రకటించినది. కొందరి కేబుళ్ళు వేడెక్కినట్లు అంతకుముందు ఫిర్యాదులు వచ్చాయి. సంస్థ దీనిని భద్రతా రీకాల్ గా కాక, వినియోగదారుల సంతృప్తి కొరకు చేపట్టిన చర్యగా పేర్కొన్నది.

టెస్లా మోడల్ ఎస్ (2013-14): 2013 నవంబరులో కాలిఫోర్నియాలోని ఇర్వైన్ నగరంలో ఛార్జింగులో ఉన్న ఒక మోడల్ ఎస్ కారు గల గ్యారేజీలో అగ్నిప్రమాదం జరిగినది. గోడ సాకెట్టు వద్ద గాని, ఛార్జింగు వ్యవస్థలో గాని అధిక నిరోధం గల అతుకు కారణమై ఉండవచ్చునని అగ్నిమాపక శాఖ నివేదిక తెలిపినది. లోపం ఇంటి వైరింగులో ఉన్నదని టెస్లా వాదించినది. డిసెంబరులో సంస్థ కార్లకు ఒక సాఫ్టువేరు మార్పును పంపినది. దీని ప్రకారం సరఫరాలో అసాధారణ హెచ్చుతగ్గులు కనబడితే కారు తాను తీసుకొనే ప్రవాహాన్ని 25 శాతం తగ్గించుకుంటుంది. ఉష్ణం ప్రవాహపు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక, 25 శాతం తగ్గింపుతో వేడి సుమారు 44 శాతం తగ్గుతుంది.

2014 జనవరిలో టెస్లా నెమా 14-50 రకం అడాప్టర్లకు బదులుగా థర్మల్ ఫ్యూజు ఉన్న అడాప్టర్లను తపాలా ద్వారా పంపుతామని ప్రకటించినది. అమెరికా జాతీయ రహదారి రవాణా భద్రతా సంస్థ 29,222 కార్లకు వర్తించే రీకాల్ గా దీనిని నమోదు చేసినది. ఏ కారూ సర్వీసు సెంటరుకు రానవసరం లేనప్పుడు దీనిని రీకాల్ అనుట సరికాదని సంస్థ అధిపతి ఎలాన్ మస్క్ బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. అయితే చట్టం దృష్టిలో రీకాల్ అనగా వాహనం కదలి రావడం కాదు. లోపాన్ని అంగీకరించి, యజమానికి తెలిపి, ఉచితంగా సరిచేసే బాధ్యత.

టెస్లా ఇతర అడాప్టర్లు (2016): 2016 నవంబరులో నెమా 14-30, 10-30, 6-50 రకాల అడాప్టర్లను సంస్థ వెనక్కి తీసుకొన్నది. ఇవి సుమారు 7,000 మంది వద్ద ఉన్నవి. రెండు అడాప్టర్లు అధికంగా వేడెక్కినట్లు సమాచారం రాగా, ఎవరికీ గాయాలు కాకముందే ఈ చర్య తీసుకొన్నారు. కొత్తవి అందేవరకు పాతవాటిని వాడవద్దని యజమానులను కోరారు.

ఫోర్డ్ (2018): 2018 ఆగస్టులో ఫోర్డ్ సంస్థ ఫోకస్ ఎలక్ట్రిక్, ఫ్యూజన్ ఎనర్జీ, సి-మ్యాక్స్ ఎనర్జీ కార్లతో ఇచ్చిన 120 వోల్టుల కేబుళ్ళను రీకాల్ చేసినది. ఉత్తర అమెరికాలో ఇది సుమారు 50,500 కార్లకు వర్తించినది. ఫోకస్ 2012-15, మిగిలిన రెండు 2013-15 మోడళ్ళకు చెందినవి. పాడైన సాకెట్టులో గాని, ఇతర పరికరాలతో కలిసి ఉన్న సర్క్యూటుపై గాని ఈ కేబులును వాడితే గోడ వద్ద వేడి పెరుగుతుందని, కొన్ని అగ్నిప్రమాదాల సమాచారం తమకు వచ్చినదని సంస్థ తెలిపినది. ప్లగ్గులో థర్మిస్టరు ఉన్న కొత్త కేబులును డీలర్లు ఉచితంగా ఇచ్చారు. సాకెట్టు పాతదైనంత మాత్రాన తయారీదారు బాధ్యత తీరిపోదని ఈ ఉదంతం వలన తెలుస్తుంది. పాత సాకెట్లు ఉన్న ఇళ్ళు అనేకం కనుక, అటువంటి ఇంట్లో కూడా ప్రమాదం కలిగించని విధంగా కేబులును రూపొందించాలి.

అమెరికాలో చట్టం

అమెరికాలో వాహనాల రీకాల్ కు మూలం 1966 నాటి జాతీయ ట్రాఫిక్, మోటారు వాహన భద్రతా చట్టం. వాహనంతో పాటు ఇచ్చిన పరికరాలు కూడా దీని పరిధిలోకి వస్తాయి. భద్రతా లోపం ఉన్నదని నిర్ధారించుకొన్న 5 పనిదినాలలో తయారీదారు భద్రతా సంస్థకు తెలియజేయాలి. ఆ తరువాత 60 రోజులలో యజమానులకు ఉత్తరాలు పంపాలి. మరమ్మతు, మార్పిడి, సొమ్ము వాపసు అనే మూడింటిలో ఒకటి ఉచితంగా చేయాలి. మొదటి అమ్మకం జరిగి 15 ఏళ్ళు దాటని వాహనాలకు ఈ హక్కు ఉంటుంది. 2015 చట్టానికి ముందు ఈ గడువు 10 ఏళ్ళు. వారంటీ ముగిసినా, కారు చేతులు మారినా ఈ హక్కు పోదు.

కేబులు మార్పించుకొనే విధానం

1. కారుకు గల 17 అక్షరాలు, అంకెల గుర్తింపు సంఖ్యను చూసుకోవాలి. ఇది ముందు అద్దం క్రింద, రిజిస్ట్రేషను పత్రంలో ఉంటుంది. దీనిని తయారీదారు లేదా భద్రతా సంస్థ వెబ్‌సైటులో ఇస్తే పరిష్కారం కాని రీకాల్ లు కనబడతాయి.
2. కేబులు నియంత్రణ పెట్టె మీద, అడాప్టరు మీద ఉండే లేబులులోని భాగపు సంఖ్యను ప్రకటనలోని సంఖ్యతో పోల్చుకోవాలి. ఒకే నమూనా కారుకు వేర్వేరు కాలాలలో వేర్వేరు కేబుళ్ళు ఇచ్చి ఉండవచ్చును.
3. చిరునామా మారినవారు, వాడిన కారు కొన్నవారు తమ వివరాలను తయారీదారు వద్ద నమోదు చేయించాలి. ఉత్తరం పాత యజమానికి వెళ్ళిపోతే రెండవ యజమానికి విషయమే తెలియదు.
4. సంస్థ సూచించిన విధంగా డీలరు వద్దకు కేబులును తీసుకొని వెళ్ళాలి, లేదా తపాలాలో వచ్చే దానికొరకు వేచి ఉండాలి. డీలరు వద్ద కొత్త కేబులు ఉన్నదో లేదో ముందుగా ఫోనులో కనుక్కొనుట మంచిది.
5. కొత్తది తీసుకొన్నప్పుడు భాగపు సంఖ్య మారినదో లేదో చూసి రసీదు భద్రపరచుకోవాలి.
6. రీకాల్ ప్రకటనకు ముందే సొంత ఖర్చుతో కేబులు మార్పించుకొన్నవారు రసీదులు చూపి సొమ్ము వాపసు కోరవచ్చును.
7. డీలరు నిరాకరిస్తే ముందుగా తయారీదారుకు, ఆ తరువాత భద్రతా సంస్థకు ఫిర్యాదు చేయాలి.

రీకాల్ అయిన పాత కేబులును ఇతరులకు ఇవ్వరాదు, అమ్మరాదు. పనిచేస్తున్నట్లు కనబడుతుంది గనుక కొన్నవారికి లోపం తెలిసే అవకాశం ఉండదు.

కొత్త కేబులు వచ్చేలోగా

వాడవద్దని సంస్థ చెప్పినట్లయితే పూర్తిగా మానివేయుటే సరియైనది. అప్పటివరకు బహిరంగ ఛార్జింగు కేంద్రాలను గాని, గోడకు శాశ్వతంగా అమర్చిన ఛార్జరును గాని ఉపయోగించుకోవచ్చును. వాడకానికి అనుమతి ఉన్నప్పుడు కారు అమరికలలో ప్రవాహాన్ని తగ్గించుకోవాలి. ప్రవాహం సగమైతే అతుకు వద్ద వేడి నాలుగవ వంతు అవుతుంది. ఛార్జింగు సమయం మాత్రం సుమారు రెట్టింపు అవుతుంది. ప్లగ్గు చేతికి కాలినట్లు తగిలినా, రంగు మారినా, కాలిన వాసన వచ్చినా ఛార్జింగు ఆపివేయాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డులను వాడరాదు. అతుకులు పెరిగిన కొద్దీ వేడెక్కే చోట్లు పెరుగుతాయి.

భారతదేశంలో

భారత వాహన తయారీదారుల సంఘం (సియామ్) 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళిని ప్రవేశపెట్టినది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ద్వారా చేర్చిన 110ఎ సెక్షను, లోపమున్న వాహనాలను ఉపసంహరించమని తయారీదారును ఆదేశించే అధికారాన్ని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చినది. దీనికి సంబంధించిన నియమాలు 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. ఇవి 7 ఏళ్ళ లోపు వాహనాలకు వర్తిస్తాయి. ప్రభుత్వమే రీకాల్ కు ఆదేశించవలసి వస్తే తయారీదారుపై 10 లక్షల నుండి 1 కోటి రూపాయల వరకు జరిమానా ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం క్రింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు కూడా ప్రమాదకరమైన వస్తువులను ఉపసంహరింపజేసే అధికారం ఉన్నది. ఫిర్యాదులకు జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915.

ఇక్కడి ఇళ్ళలో సరఫరా 230 వోల్టులు. 15 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్టు నుండి కారు తీసుకొనే శక్తి 3 కిలోవాట్లకు పైగా ఉంటుంది. ఏ.సి., గీజరు కొరకు బిగించిన పాత సాకెట్టునే కారుకు వాడుట ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని అపార్టుమెంటులలో కూడా సాధారణమే. కారు కొరకు విడిగా ఒక సర్క్యూటు, సరియైన ఎర్తింగు, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఏర్పాటు చేయించుకోవాలి.

పరిమితులు

కేబులు మార్చినంత మాత్రాన గోడలోని లోపం పోదు. థర్మిస్టరు ఉన్న కొత్త కేబులు వేడిని గుర్తించి ఛార్జింగు ఆపుతుందే గాని వదులైన సాకెట్టును బిగించలేదు. కొత్త కేబులు పదే పదే ఛార్జింగు ఆపివేస్తున్నట్లయితే అది కేబులు లోపమని తొందరపడకుండా, అర్హుడైన ఎలక్ట్రీషియనుతో సాకెట్టును, దాని వెనుక వైరింగును పరీక్షింపజేయాలి. పాత కేబులు గుర్తించలేక వదిలివేసిన ప్రమాదాన్నే కొత్తది చూపుతూ ఉండవచ్చును.