గడ్డ ఒకటే, గుణం వేరు!

నగరి మరమగ్గాల వీధిలో ఇద్దరు ఆడవాళ్ళకు రొమ్ము క్యాన్సరు వచ్చిందనుకోండి. ఆపరేషనయ్యాక ఒకరికి రోజుకో మాత్ర రాస్తారు. ఇంకొకరికి మూడు వారాలకొక ఇంజెక్షను. “ఆవిడకు మాత్రతో సరిపెట్టి మాకెందుకండీ ఇంత ఖరీదైన మందు?” అని ఇంటివాళ్ళకు అనుమానం వస్తుంది. సహజమే. జవాబు ఆ గడ్డలోనే ఉంది.

మన కణాలకు కొన్ని తాళం కప్పల్లాంటివి ఉంటాయి. వీటినే రిసెప్టర్లంటారు. సరిపోయే తాళంచెవి పడితే “పెరుగు” అన్న కబురు కణానికి అందుతుంది. చాలామంది రొమ్ము క్యాన్సరు రోగుల్లో ఆ చెవి ఈస్ట్రోజెన్ హార్మోను. టామోక్సిఫెన్ మాత్ర ముందే వెళ్ళి ఆ కప్పలో కూర్చుంటుంది. అసలు చెవికి చోటుండదు. అమెరికాలో ఈ మందుకు 1977లో అనుమతి వచ్చింది.

నూటికి 15 నుంచి 20 మందిలో హెర్-2 అనే రిసెప్టరు కణం పైన మితిమీరి ఉంటుంది. దాన్ని పట్టుకునే ఇంజెక్షను ట్రాస్టుజుమాబ్ 1998లో వచ్చింది. 2014లో బెంగుళూరు బయోకాన్ దీనికి సాటి మందును మన దేశంలో అమ్మకానికి తెచ్చింది.

ఈ కథలో మన తెలుగువాడూ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో ఫోలిక్ యాసిడ్ మీద పరిశోధన నడిపించారు. దానికి విరుగుడుగా అక్కడ తయారైన అమినోప్టెరిన్‌తో పిల్లల రక్త క్యాన్సరు కొంతకాలం తగ్గుముఖం పట్టినట్లు 1948లో డాక్టర్ ఫార్బర్ ప్రకటించారు. అయితే అలాంటి మందులు మంచి కణాలనూ దెబ్బతీస్తాయి. ఇప్పుడు ఆ ఫోలిక్ యాసిడ్‌ను పట్టుకునే రిసెప్టరే గురి అయింది. అండాశయ క్యాన్సరుకు 2022లో అమెరికాలో అనుమతి పొందిన మిర్వెటుక్సిమాబ్ మందు ఆ రిసెప్టరును పట్టుకొని, విషాన్ని కణంలోకి చేరవేస్తుంది.

ఇక మీరు చేయవలసినది. ముక్క తీస్తే క్యాన్సరు పాకుతుందన్న భయం వద్దు. ముక్క తీయనిదే రిసెప్టర్ల సంగతి తెలియదు. రిపోర్టులో ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 మూడూ ఉన్నాయో లేదో అడగండి. హెర్-2 ఎదుట “2+” అని ఉంటే ఫిష్ అనే మరో పరీక్ష అవసరం. మూడూ లేకపోయినా నిరాశ పడనక్కరలేదు. కీమోథెరపీ వంటి వేరే దారులున్నాయి.

టామోక్సిఫెన్ సాధారణంగా అయిదేళ్ళు వాడాలి. కొందరికి పదేళ్ళు. “ఒంట్లో బాగానే ఉందిగా” అని రెండేళ్ళకే మానేస్తే రోగం తిరగబెట్టే ముప్పు పెరుగుతుంది. ముట్లుడిగాక రక్తస్రావం కనిపించినా, కాలు ఒకవైపే వాచినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ట్రాస్టుజుమాబ్ వాడేవారు గుండెకు ఎకో పరీక్ష మధ్యమధ్య చేయించుకోవాలి.

తిరుపతి స్విమ్స్‌కు వెళ్ళినా, వేలూరు, చెన్నై వెళ్ళినా పాత రిపోర్టులూ, ల్యాబులో దాచిన ముక్క తాలూకు బ్లాకూ వెంట తీసుకెళ్ళండి. పక్కింటావిడ మందుచీటీ మాత్రం తీసుకెళ్ళకండి. అది ఆవిడ గడ్డకు రాసినది.