కరెంటు చిట్టెలుకను పెంచుదామా?

పికాచును చూసి ‘ఇలాంటిది మనింట్లో ఉంటే ఎంత బాగుండు’ అని చిన్నప్పుడు చాలామంది అనుకునే ఉంటారు. ఇంజినీరింగ్‌కి వచ్చాక ఆ కోరికకే రెండు చక్రాలు, నాలుగు సెన్సర్లు తగిలిస్తే మంచి ప్రాజెక్టు అవుతుంది. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి మీదంటూ ఒక విషయం దొరుకుతుంది.

ఉదయం ఎనిమిదిన్నరకు కొంపల్లి దాటి మేడ్చల్ రోడ్డెక్కితే ఎటు చూసినా కాలేజీ బస్సులే. మైసమ్మగూడ, గుండ్లపోచంపల్లి, కండ్లకోయ.. అటు షామీర్‌పేట వైపు వెళ్తే బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్. ఈ దారుల్లో తిరిగే ఫైనలియర్ విద్యార్థుల రెజ్యూమెలు కొన్ని పక్కపక్కన పెట్టి చూడండి. లైన్ ఫాలోవర్, స్మార్ట్ డస్ట్‌బిన్, హోమ్ ఆటోమేషన్.. అవే పేర్లు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వాటిలో కొన్ని రాత్రుళ్లు మేలుకొని చేసినవి, కొన్ని డబ్బులిచ్చి రెడీమేడ్‌గా తెచ్చుకున్నవి. ఏది ఏదో ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే తేలిపోతుంది. ‘ఇక్కడ ఈ రెండు రెసిస్టర్లు ఎందుకు పెట్టావు?’ అని అడిగితే కొని తెచ్చుకున్నవాళ్ల దగ్గర జవాబుండదు.

అందుకే ఈసారి ‘మినీ ప్రాజెక్టు’ అన్న మాట కాసేపు పక్కన పెట్టండి. అరచేతిలో పట్టే ఒక పెంపుడు జంతువును ఊహించుకోండి. కరెంటుతో బతికే చిట్టెలుక. నిజం ఎలుక కనిపిస్తే అమ్మ చీపురు పట్టుకుంటుంది, హాస్టల్ వార్డెన్ ఏ జంతువునూ రానివ్వడు. దీనికి ఆ గొడవ లేదు.

ఈ ఊహకు చరిత్ర ఉంది

పికాచు 1996లో జపాన్‌లో వీడియో గేమ్ పాత్రగా పుట్టింది. జపనీస్‌లో ‘పికా’ అంటే మెరుపు మెరిసినట్టు, ‘చు’ అంటే ఎలుక కిచకిచ. 2008లో జపాన్ శాస్త్రవేత్తలు కంటి రెటీనాలో ఒక కొత్త ప్రోటీన్‌ను గుర్తించి, దానికి ‘పికాచురిన్’ అని పేరు పెట్టారు.

యంత్రపు ఎలుక అంతకంటే పాతది. 1950లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో క్లాడ్ షానన్ ‘థీసియస్’ అనే ఎలుకను తయారు చేశాడు. నేల కింద దాచిన అయస్కాంతం దాన్ని నడిపేది, టెలిఫోన్ రిలేలు దారిని గుర్తుపెట్టుకునేవి. మొదటిసారి గోడలకు కొట్టుకుంటూ దారి వెతుక్కున్న ఎలుక రెండోసారి తిన్నగా వెళ్లిపోయేది. తర్వాత 1977లో ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక ‘మైక్రోమౌస్’ పోటీ ప్రకటించింది. 1979లో న్యూయార్క్‌లో ఫైనల్ జరిగింది. మరుసటి ఏడాది జపాన్ మొదలుపెట్టింది. 16 అడ్డం, 16 నిలువు గళ్ల చిక్కుదారిలో ఎవరి సాయం లేకుండా మధ్యకు చేరడమే ఆట. 2011 జపాన్ పోటీలో సింగపూర్‌కు చెందిన ఎన్‌జీ బెంగ్ కియాట్ తయారు చేసిన ‘మిన్7’ ఆ దూరాన్ని 3.921 సెకన్లలో ముగించింది.

ఇక ముద్దు చేయడానికే పుట్టినవి వేరే. 2009 క్రిస్మస్‌కు అమెరికాలో ‘జుజు పెట్స్’ అనే బ్యాటరీ హ్యామ్‌స్టర్ల కోసం తల్లిదండ్రులు షాపుల చుట్టూ తిరిగారు. 2024 నవంబరులో క్యాసియో ‘మోఫ్లిన్’ అనే బొచ్చు జీవిని జపాన్‌లో 59,400 యెన్‌లకు అమ్మకానికి పెట్టింది. నిమిరితే కదులుతుంది, కూస్తుంది. మనుషులు వీటికి ఎంత అలవాటు పడతారంటే, రిపేరు చేయలేని సోనీ రోబో కుక్క ‘ఐబో’లకు జపాన్‌లోని ఒక బౌద్ధాలయంలో అంత్యక్రియలు కూడా జరిపారు.

ముద్దు వెనక సర్క్యూట్

మీ చిట్టెలుకకు ఒక్కో గుణం నేర్పుతూ పోండి. ఒక్కో గుణం వెనక ఒక్కో ఉద్యోగ నైపుణ్యం ఉంది.

ఆకలి: ఛార్జ్ తగ్గితే ఎలుక నీరసంగా నడవాలి, కిచకిచమని అరవాలి. దానికి బ్యాటరీ వోల్టేజీ తెలియాలి. లిథియం సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు ఇస్తుంది. ఈఎస్‌పీ32 లాంటి చిప్ పిన్ 3.3 వోల్టులు దాటితే పాడవుతుంది. కాబట్టి రెండు సమాన రెసిస్టర్లతో ఆ వోల్టేజీని సగం చేసి చిప్‌కి ఇస్తారు. ఇందాకటి ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇదే. మీ ఎలుక ఆకలి తెలుసుకోవడానికే ఆ రెండు రెసిస్టర్లు!

భయం: చెయ్యి దగ్గరకు రాగానే వెనక్కి పరిగెత్తాలి. ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్‌తో చేయొచ్చు. రాత్రి గదిలో చక్కగా పనిచేసిన ఎలుక పగలు బాల్కనీలో పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కదా! ఎల్‌ఈడీ ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి కొలిచి తేడా తీసుకుంటే దారికొస్తుంది. ఈ తంటా మీరు స్వయంగా పడితే ఇంటర్వ్యూలో పది నిమిషాలు ఆపకుండా చెప్పగలరు.

నిద్ర: 500 మిల్లీయాంపియర్ అవర్ బ్యాటరీ మీద సగటున 100 మిల్లీయాంపియర్లు లాగితే ఎలుక 5 గంటల్లో పడిపోతుంది. ఎవరూ పలకరించనప్పుడు నిద్రపుచ్చాలి. డీప్ స్లీప్‌లో చిప్ వాడేది మైక్రోయాంపియర్లే. అయినా బ్యాటరీ త్వరగా అయిపోతోందా? బోర్డు మీద ఊరికే వెలిగే ఎల్‌ఈడీని, రెగ్యులేటర్‌ను అనుమానించండి.

ఇంటిదారి: ఛార్జర్ దగ్గరకు తనంతట తాను వెళ్లడం అన్నిటికంటే కష్టం. మైక్రోమౌస్‌లు వాడే ‘ఫ్లడ్ ఫిల్’ పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. గమ్యంలో నీళ్లు పోస్తే గది గదికీ ఎలా పాకుతాయో అలా ప్రతి గడికీ దూరం రాసుకుంటూ పోతారు. తక్కువ అంకె ఉన్న గడివైపు ఎలుక నడుస్తుంది. డేటా స్ట్రక్చర్స్ క్లాసులో చెప్పే బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్ ఇదే. ప్లేస్‌మెంట్ కోడింగ్ పరీక్షల్లో గ్రిడ్ ప్రశ్నలు చూసి భయపడేవాళ్లకు ఎలుకే ట్యూషన్ చెబుతుంది.

అసలు ఎలుకలూ దగ్గర్లోనే

షామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్‌కు చెందిన జాతీయ బయోమెడికల్ పరిశోధన జంతు వనరుల కేంద్రం ఉంది. పరిశోధనలకు అవసరమైన జంతువుల పెంపకం, సంరక్షణ అక్కడి పని. వెటర్నరీ, లైఫ్ సైన్సెస్ విద్యార్థులు ఈ రంగంపైనా ఓ కన్నేసి ఉంచాలి. కొత్త చోట వదిలితే ఎలుక గది మధ్యలోకి రాదు, గోడ వెంబడే నడుస్తుంది. మీ రోబోకు రాసే ‘వాల్ ఫాలోయింగ్’ కోడ్ కూడా చేసేది అదే. టీమ్‌లో ఒక బయోటెక్ ఫ్రెండ్ ఉంటే మీ బొమ్మకు నిజంగా ఎలుక నడక వస్తుంది.

ఎటు దారి తీస్తుంది?

ఎంబెడెడ్ సాఫ్ట్‌వేర్, ఫర్మ్‌వేర్, పీసీబీ డిజైన్, హార్డ్‌వేర్ టెస్టింగ్ కొలువుల్లో అడిగేవి ఇవే నైపుణ్యాలు. కారులో, ఇన్సులిన్ పంపులో, కరెంటు మీటర్‌లో ఉన్నదీ ఇలాంటి చిప్, సెన్సర్, బ్యాటరీ లెక్కే. మన జిల్లాలోనే ఉన్న ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్ ఇంజినీర్ ట్రైనీ, అప్రెంటిస్ నోటిఫికేషన్లు ఇస్తుంటుంది, గమనిస్తూ ఉండండి. ఒక్క ఎలుకతో ఉద్యోగం రాదు. సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే కోర్ ఖాళీలు తక్కువే. అందుకే ఆప్టిట్యూడ్, సీ భాష వదలకూడదు. కాకపోతే షార్ట్‌లిస్ట్ అయ్యాక మీ మాటకు బలం ఇచ్చేది మీ చేత్తో చేసిన పనే.

ఇలా మొదలుపెట్టండి

* ముగ్గురు చాలు. ఒకరు సర్క్యూట్, ఒకరు కోడ్, ఒకరు బాడీ, నడవడిక.
* విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ ఉంది. నమూనాల తయారీ సదుపాయాలు ఎలా ఉంటాయో చూడాలంటే 2023లో రాయదుర్గంలో ప్రారంభమైన టీ-వర్క్స్ గురించి తెలుసుకోండి.
* మొదటి వారం ఒక్క గుణమే. అది కుదిరాకే రెండోది.
* పీసీబీ కోసం ఉచితంగా దొరికే కైక్యాడ్ నేర్చుకోండి.
* ఉబ్బిన లిథియం బ్యాటరీని వాడొద్దు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవద్దు.
* రోజూ ఏం చెడిందో, ఎలా బాగైందో తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి. ఇంటర్వ్యూకి ముందురోజు చదువుకోవాల్సింది ఆ నోట్‌బుక్కే.

పెంచుకున్నవాళ్లకు ఆ జంతువు ఎప్పుడు తింటుందో, దేనికి బెదురుతుందో ఎవరూ బట్టీ పట్టించక్కర్లేదు. మీ చిట్టెలుక విషయంలోనూ అంతే. రెండో ప్రశ్న ఎటు నుంచి వచ్చినా జవాబు మీ దగ్గరే ఉంటుంది. ముందు దానికో పేరు పెట్టండి.