అరువాకో స్త్రీల ఉన్ని సంచులు – సహజ వర్ణ ఉన్ని ప్రాధాన్యం
కొలంబియా ఉత్తర భాగంలోని సియెర్రా నెవాడా డి శాంటా మార్టా పర్వతాల దక్షిణ సానువులలో అరువాకో తెగవారు నివసిస్తున్నారు. వీరితో సహా అక్కడి నాలుగు తెగల పూర్వీక జ్ఞాన వ్యవస్థను యునెస్కో 2022లో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

అరువాకో స్త్రీలు అల్లే సంచిని స్పానిష్ భాషలో మోచిలా అంటారు. పూర్వం దీనికి పత్తిని, కిత్తనారను పోలిన ఫికే మొక్క నారను వాడేవారు. స్పెయిన్ వలస పాలనతో గొర్రెలు వచ్చిన పిదప ఉన్ని ప్రధాన ముడిసరుకైంది. ఉన్నిని శుభ్రపరచి, చేతితో వడకి, అడుగు నుండి చుట్లు చుట్లుగా సూదితో పైకి అల్లుతారు. మగ్గం అవసరం లేనందున నడుస్తూ కూడా అల్లగలరు. సంప్రదాయ సంచికి అద్దకం ఉండదు. తెలుపు, బూడిద, గోధుమ, నలుపు వర్ణాలు గొర్రె నుండే లభిస్తాయి.

ఏ రంగునైనా అద్దవచ్చు గనుక పరిశ్రమ తెల్ల ఉన్నినే కోరుతుంది; వర్ణ ఉన్నిని లోపంగా పరిగణిస్తుంది. కానీ తెలుపు కొరకే మందను ఎంపిక చేస్తే ఈ అల్లికకు ఆధారమైన వర్ణభేదమే అంతరిస్తుంది. కావున గొర్రెల జాతి అభివృద్ధిని సిఫారసు చేయడానికి ముందు, ఆ ఉన్నిని వాడే స్త్రీల అవసరాన్ని విస్తరణ శాస్త్రవేత్తలు తెలుసుకోవాలి.